నీళ్ళడిగితే అవతారం

తెలుగువాడు హాలీవుడ్డు సరసన కూర్చున్నాడని 2024 జూన్ 27న మొదలయిన సంబరం యింకా పూర్తిగా చల్లారలేదు. "కల్కి 2898 ఏడీ"కి ఆరువందల కోట్లు ఖర్చయిందన్నారు. వెయ్యికోట్లు దాటి వసూలయిందని నిర్మాతలే చాటించారు. ప్రభాస్, అమితాబ్ బచ్చన్, కమల్ హాసన్, దీపికా పదుకొనే అందరూ ఒకే చిత్రంలో వున్నారు. ఇంత జరిగాక చిత్రం బాగులేదనడం పెళ్ళిపందిట్లో తుమ్మినట్లే. అయినా తుమ్మక తప్పదు. లాభనష్టాల సంగతి నిర్మాతా పంపిణీదారూ చూసుకొంటారు. కథ సంగతి ప్రేక్షకుడిది.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకొందాం. దర్శకుడు నాగ్ అశ్విన్ చేతగానివాడు కాడు. 2018లో "మహానటి" తీసినవాడు. ఈ కథకు అతడు వేసిన పునాది కూడ బలమైనదే. గంగ ఎండిపోయింది. లోకంలో మిగిలిన ఆఖరి నగరం కాశీ. దానిమీద తలకిందులయిన పిరమిడ్‌లాగ "కాంప్లెక్స్" వేలాడుతూ వుంటుంది. నీళ్ళూ, తిండీ, పచ్చదనమూ అన్నీ అందులోనే. కింది జనానికి దుమ్మూ, దాహమూ. పైకి పోవాలంటే పదిలక్షల యూనిట్లు వుండాలి. 1927లో ఫ్రిట్జ్ లాంగ్ అనే జర్మను దర్శకుడు "మెట్రోపోలిస్" చిత్రంలో పైన యజమానులనూ, భూగర్భంలో కార్మికులనూ చూపాడు. ఇవాళ్టి అన్యాయాన్ని రేపటిలోకి సాగదీసి చూపడంలోనే వైజ్ఞానిక కల్పన ప్రయోజనమంతా వున్నది.

ఈ బొమ్మ అర్థం కావడానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతుకు వ్యాఖ్యాత అక్కరలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. తరువాత కుడికాలువ వచ్చింది. కాని చివరి ఆయకట్టువాడు ఒక కన్ను మబ్బుమీదా, ఒక కన్ను ఎగువ తూముమీదా పెట్టుకొనే మిరపనారు పోస్తాడు. కనిగిరి వైపు బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎముకలను వంచింది. నీళ్ళు ఎవరి చేతిలో వున్నాయనేది అక్కడ కల్పనకాదు, రోజూ రచ్చబండమీద నడిచే మాట.

మరి మూడుగంటల చిత్రం ఆ ప్రశ్నను ఏం చేసింది? కాంప్లెక్స్‌ను ఎవరి చెమటతో కట్టారో, కిందివాడి ఏ కష్టంమీద పైవాడి భోగం నడుస్తున్నదో పట్టించుకోలేదు. కథానాయకుడు భైరవకు వున్న ఆశ ఒక్కటే: ఎలాగయినా తాను పైకి చేరడం. ఎలాగో పైకి చేరిన వేళ, దాహంతో అలమటించే వూరినుంచి వచ్చిన ఈ మనిషి చేసిందేమిటి? పాటపాడి చిందులేశాడు. అతన్ని స్వార్థపరుడుగానే చూపారుగదా అని సమర్థించవచ్చు. స్వార్థపరుడు మారే కథ మంచి కథే. కాని యితన్ని మార్చేది కళ్ళారా చూసిన జనం కష్టంకాదు, పూర్వజన్మ. చివరకు భైరవ కర్ణుడని తేలుతుంది, హాలంతా ఈలలు. తిరుగుబాటుదారులకు శంబల అనే స్థావరం వున్నమాట నిజమే. వాళ్ళూ అవతారపురుషుణ్ణి కనబోయే తల్లికోసం కాచుకొని కూర్చున్నవాళ్ళే!

ఆఖరికి ఆ 2898 కూడ పంచాంగపు లెక్కే. కలియుగం క్రీ.పూ. 3102లో మొదలయిందంటారు. దానికి ఆరువేల ఏళ్ళు కలిపి చూడండి.

పురాణాన్ని ముట్టుకోవద్దని ఎవరన్నారు? తెనాలిలో తన యింటికి సూతాశ్రమమని పేరుపెట్టుకొన్న త్రిపురనేని రామస్వామి చౌదరి "సూతపురాణం", "కురుక్షేత్ర సంగ్రామం" రాసి పురాణాన్ని బోనెక్కించి ప్రశ్నించాడు. కర్ణుణ్ణి తెచ్చినవారు, పుట్టుక పేరుతో అతన్ని నిండుసభలో అవమానించిన సంగతిని కాంప్లెక్స్ గుమ్మం దగ్గర ఆగిపోయిన జనంతో ముడివేయవచ్చును. అది వదిలి విల్లు పుచ్చుకొన్నారు.

1991లో సింగీతం శ్రీనివాసరావు "ఆదిత్య 369" తీశారు. అందులోనూ రాయల ఆస్థానముంది, వజ్రాల దొంగతనముంది. కాని కాలయంత్రం 2504కు చేరినప్పుడు భూమి ఎందుకు పాడయిందో చెప్పారు. మనుషులు చేసుకొన్న అణుయుద్ధంవల్ల. "కల్కి"కి సింగీతంవారే సలహాదారు. కారణం అడిగే ఆయన అలవాటు మాత్రం దీనికి అబ్బలేదు.

ఇంతకంటె నొప్పించే విషయం మరొకటుంది. కాంప్లెక్స్ ప్రభువు యాస్కిన్ గర్భిణుల గర్భంనుంచి రసం తీయించి తన ఆయుస్సు పెంచుకొంటాడు. సుమతికి పేరుకు బదులు ఒక నంబరు. జీవంమీద పెత్తనం ఎవరిదన్న ఈ ప్రశ్న పత్తిచేలకు కొత్తకాదు. 1987-88లో తెల్లదోమ విరుచుకుపడి, మందుల బాకీలు మెడకు చుట్టుకొని ఈ జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. 2002లో బాక్టీరియా జన్యువును చేర్చిన పత్తికి అనుమతి వచ్చింది. దాచుకొని మళ్ళీ విత్తడానికి పనికిరాని సంకరవిత్తనం, ఏటా దుకాణంలో కొనవలసిందే. కొన్నేళ్ళకు గులాబీ పురుగు దానికీ అలవాటుపడింది. విజ్ఞానశాస్త్రం ఎంత మేలు చేయగలదో, కంపెనీ గుప్పిట్లో పడితే ఏమవుతుందో చూసిన ప్రేక్షకుడు ఎదురుగా కూర్చుంటే, అతనికి శాస్త్రం పేరిట రాక్షసుడూ మంత్రదండమూ చూపి పంపారు.

వినోదానికి యింత విచారణ ఎందుకని అడుగుతారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మం "రైతుబిడ్డ" తీశాడు. దానివెనుక వున్నది చల్లపల్లి రాజావారి సారథీ సంస్థే, అదొక విచిత్రం. అయినా జమీందారులు ఉలిక్కిపడ్డారు, కొన్నిచోట్ల నిషేధించారు. "కల్కి"కి ఎవరు ఉలిక్కిపడ్డారు? "బుజ్జి" అనే ఆరుటన్నుల కారు తయారీకి మహీంద్రా కంపెనీ సాయపడింది. మామూలు హాళ్ళలో టిక్కెట్టుమీద 75 రూపాయలు, మల్టీప్లెక్సుల్లో 125 రూపాయలు రెండువారాలపాటు పెంచుకొమ్మని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనుమతించింది. డబ్బులేనివాడికి కాంప్లెక్స్ తలుపు తెరవరనే కథను, మిరపకోతకు పోయే కూలీ ఆ ధరపెట్టి చూడాలన్నమాట.

రెండవభాగం వస్తుందని ప్రకటించారు. బిడ్డ పుడతాడు, విల్లు మళ్ళీ మోగుతుంది, అందులో సందేహం లేదు. ఇన్ని కోట్లలో కొంచెం మిగిలితే, కాశీ జనంలో ఒక్కడిచేత ఆ నీళ్ళ తూము తాళం ఎక్కడుందని అడిగించండి.