లాగరిథమ్ పట్టికలు, కంప్యూటరు, మన విద్యార్థులు

కంప్యూటరు ఉండగా లాగరిథమ్ పట్టికతో పని యేమి అని మన విద్యార్థులు అడుగుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. 1614లో స్కాట్లండు దేశీయుడగు జాన్ నేపియర్ సంవర్గమానములను లోకమునకు అందించెను. 1624లో హెన్రీ బ్రిగ్స్ 10 ఆధారముగా 14 దశాంశ స్థానముల పట్టికలను ప్రకటించెను. గుణకారమును సంకలనముగా మార్చిన ఆ పట్టికలు మూడు శతాబ్దములకు పైగా ఖగోళజ్ఞులకు, నావికులకు, ఇంజనీర్లకు చేతి ఆసరాగా నిలిచినవి. నేడు పైథాన్ భాషలో ఒక్క పంక్తి వ్రాసినచో ఆ శ్రమ యంతయు రెప్పపాటున తీరును. ఈ సౌలభ్యమును మేము కాదనుట లేదు.

కాని యంత్రము మనము అడిగినదానికే బదులు చెప్పును, అడుగదలచినదానికి చెప్పదు. పైథాన్‌లో 'లాగ్' అను ప్రమేయమునకు 100 ఇచ్చినచో 2 రాదు, 4.605 వచ్చును. ఏలయన అది సుమారు 2.718 ఆధారముగా గల సహజ సంవర్గమానము. 10 ఆధారముగా కావలెనన్న 'లాగ్10' అని వ్రాయవలెను. ఎక్సెల్‌లోనో, ఆధారమును చెప్పకున్న 'లాగ్' అనగా 10 ఆధారమే. పేరొకటి, అర్థములు రెండు.

ఇది మాటల పట్టింపు కాదు. లీటరుకు 0.001 మోలు హైడ్రోజన్ అయానులున్న ద్రావణము పీహెచ్ 3. అది స్పష్టముగా ఆమ్లము. 'లాగ్10'కు బదులు 'లాగ్' వ్రాసిన విద్యార్థికి 6.91 వచ్చును. ఆమ్లము కాస్తా దాదాపు తటస్థ ద్రావణమై రికార్డు పుస్తకమున కెక్కును. యంత్రము దోషమును సూచింపదు.

మరియొక చిక్కు కలదు. పైథాన్‌లో 'లాగ్'కు 1000ని, ఆధారముగా 10ని ఇచ్చినచో 3 గాక 2.9999999999999996 వచ్చును. రెండు సహజ సంవర్గమానములను ఉజ్జాయింపుగా కట్టి, ఒకదానిని మరియొకదానిచే భాగించుటయే దీనికి కారణము. దానిలో పూర్ణభాగమును మాత్రమే తీసికొని ఒకటి కలిపి అంకెలను లెక్కించు ప్రోగ్రాము, 1000లో మూడంకెలే ఉన్నవని చెప్పును! 'లాగ్10' వాడిన ఈ చిక్కు లేదు.

పాఠ్యాంశములకే కాలము చాలదని కొందరనవచ్చును. మేము కోరునది కొద్ది నిమిషములే. 1000కి 3, 10,000కి 4 కనుక 5,000 సంవర్గమానము ఆ రెంటి నడుమ నుండునని పట్టిక పట్టిన విద్యార్థికి ముందే తెలియును. 8.517 కనబడినప్పుడు అతడు ఆగి ఆలోచించును. పట్టిక ఎరుగని విద్యార్థి దానినే నమ్మి వ్రాసికొనును.

కావున కాలేజీ కమిటీ పెద్దలకు మా మనవి: కంప్యూటరు గదిలో ప్రతి బల్లపైనను ఒక లాగరిథమ్ పట్టిక ఉంచుడు. విద్యార్థులకు మా సలహా: మీట నొక్కుటకు ముందే ఆధారమేదో, జవాబు ఏ రెండు సంఖ్యల నడుమ రాగలదో రికార్డులో వ్రాయుడు. లెక్క యంత్రము చేయవచ్చును. అది సరియో కాదో తేల్చు బాధ్యత మాత్రము మనదే.