లైను ఒక్కటే చాలదు, వరుస కూడా ముఖ్యమే

నరికిన చెరకు ఎండలో నిలిస్తే తూకమూ, తీపీ తగ్గుతాయని బోధన్ రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతబడింది గాని, బండ్ల వరుస విలువ మనవాళ్లు మరువలేదు.

కంప్యూటర్ నెట్‌వర్కుదీ అదే తీరు. సమాచారం చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. తోవ ఇరుకైతే రూటర్ వద్ద బారులు తీరుతాయి. దిగుమతి చేసుకునే సినిమా కాస్త ఆగినా నష్టం లేదు. ఫోనులో మాట మాత్రం 150 మిల్లీసెకన్లలోపు చేరితేనే సంభాషణ సాఫీగా సాగుతుంది. ఏది ముందు పోవాలో రూటర్‌కు నేర్పడమే సేవా నాణ్యత విద్య.

రేషన్ దుకాణంలో వేలిముద్ర, వీడియోలో డాక్టరు సలహా ఆ బారులో చిక్కుకుంటే ఆ పూట కూలి పోయేది పేదవాడికే.

వరుస దిద్దినంతలో తోవ వెడల్పు కాదు. లైను చాలడం లేదా, వరుస తప్పిందా అని తేల్చే మనిషి కావాలి. 2024 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చిన ట్రాయ్ నిబంధనలు ఆలస్యానికీ, పొట్లాల నష్టానికీ హద్దులు పెట్టాయి. కొలిచి చూపనిదే ఏ ఫిర్యాదూ నిలవదు.

కాబట్టి నిజామాబాద్ పాలిటెక్నిక్, ఐ.టి.ఐ.లలో పల్లె యువకులకు ఈ శిక్షణ ఇవ్వాలి. నల్లబల్ల పాఠంతో సరిపెట్టక, రూటర్లపై చేతితో చేయించాలి. అధికారులు ఆలోచించాలి.