ఎకరాల్లో కొంటరు, గజాల్లో అమ్ముతరు

రైతన్నలారా, గోల్ఫ్ కోర్సు పక్కన ఇళ్లు కోట్లు పలుకుతున్నయంటే మన భూములకు కూడా విలువ వచ్చిందని సంబరపడేటోళ్లకు ఒక లెక్క చెప్తా.

హైదరాబాద్‌లో మణికొండ, నానక్‌రాంగూడ దగ్గర గోల్ఫ్ ప్రాజెక్టుకు అప్పటి ప్రభుత్వం 535 ఎకరాలు కేటాయించింది. అందులో 235 ఎకరాలు ఒక్క ఆటకే. అంటే 11 లక్షల గజాలకు పైగా పచ్చగడ్డి. దాంట్లో మనిషి ఉండడు, గింజ పండదు. ఆ గడ్డి ఖరీదు మొత్తం పక్కనున్న ఇళ్ల మీదనే పడతది. గడ్డి కనపడే ఇంటికి వేరే రేటు. అందుకే ఆ ఇల్లు నెల జీతగాడికే అందదు, ఇక మన పిల్లలకేం అందుతది?

ఎకరం అంటే 4,840 గజాలు. రోడ్లకు, పార్కులకు సగం పోయిందనుకున్నా 2,420 మిగులుతయ్. మీ పక్క వెంచర్‌లో గజం రేటు కనుక్కోండి, దాంతో గుణించండి, వాళ్ల ఖర్చులు తీసెయ్యండి. బేరం ఆ తర్వాతనే.

ఇంకో మాట. కొనేటోడు స్టాంపు డ్యూటీ తగ్గాలని కాగితంలో తక్కువ రేటు రాయమంటే ఒప్పుకోకండి. రేపు సర్కారు భూమి తీసుకుంటే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారానికి చూసేది ఆ రిజిస్ట్రేషన్ లెక్కలనే. ఊరంతా తక్కువ రాయించుకుంటే ఊరంతా మునుగుతది.

గడ్డికే కోట్లు కడుతున్నరు. వరి పండే నేలను అగ్గువకు ఎందుకియ్యాలె?