టెలివిజను నాటకములలో నల్లజాతి స్త్రీ

అమెరికా దేశమున తయారైన టెలివిజను నాటకములు నేడు మన యిండ్లలోనికి గూడ వచ్చినవి. కథ బాగున్నదనియో, నటన బాగున్నదనియో మనము వానిని మెచ్చుకొందుము గాని, అందు నల్లజాతి స్త్రీ యొకతె కథానాయికగా నిలుచుటకు ఎంతకాలము పట్టెనో తలపోయము. ఈ నెల ఆ సంగతి ముచ్చటింప నెంచితిని.

1939లో వెలువడిన 'గాన్ విత్ ది విండ్' చలనచిత్రమున దాసి పాత్ర ధరించినందుకు హాటీ మెక్‌డేనియల్ 1940లో ఆస్కారు బహుమతి నందెను. నల్లజాతివారిలో ఆ గౌరవమునకు నోచుకొన్న మొదటి వ్యక్తి ఆమెయే. పదేండ్ల తరువాత, 1950లో, టెలివిజనులో 'బ్యూలా' అను హాస్యనాటకము మొదలైనది. కథానాయిక నల్లజాతి స్త్రీయే. అయితే యేమి, ఆమె తెల్లవారి యింటి పనికత్తె! ఎథెల్ వాటర్స్ మొదలు ముగ్గురు నటీమణులు ఒకరి తరువాత నొకరు ఆ పాత్ర ధరించిరి. వారిలో మెక్‌డేనియల్ గూడ ఒకతె. యజమాని కుటుంబపు చిక్కులు విప్పుటయే బ్యూలాకు ముఖ్యమైన పని. (మన సినిమాలలోని పనిమనిషికి మాత్రము ఇల్లు వాకిలి యున్నట్లు ఎన్నిమారులు చూపిరి?)

1968లో 'జూలియా' వచ్చెను. డయాన్ కారల్ ధరించిన ఈ పాత్ర దాసి కాదు, నర్సు. భర్త వియత్నాము యుద్ధమున మరణింపగా చిన్న కుమారుని పెంచుకొనుచున్న వితంతువు. చక్కని యిల్లు, చక్కని దుస్తులు, చెరగని చిరునవ్వు. ఆ యేటనే ఏప్రిలు నెలలో మార్టిన్ లూథర్ కింగును కాల్చి చంపిరి. ఎన్నో నగరములు తగులబడినవి. ఆ పొగ జూలియా యింటి కిటికీని తాకనే లేదని ఆనాడే పలువురు ఆక్షేపించిరి. నాకును ఆ మాట సబబుగానే తోచుచున్నది. దాసిని తొలగించి ఆ పీటపై దేవతను కూర్చుండబెట్టిరి. ఇంటి యిల్లాలిని దేవతయని పొగడుట మనకు క్రొత్త కాదు. ఆ పొగడ్త చాటున ఆమె అలసట మరుగుపడుటయు క్రొత్త కాదు.

1974లో 'గెట్ క్రిస్టీ లవ్' అను నాటకమున తెరేసా గ్రేవ్స్ పోలీసు ఉద్యోగిగా కనబడెను. అది యొక్క యేడుతో ముగిసినది. ఆ పిమ్మట పెద్ద టెలివిజను సంస్థల గంభీర నాటకములలో నల్లజాతి స్త్రీ నాయికగా నిలుచుటకు 2012 వరకు, అనగా 38 సంవత్సరములు, వేచియుండవలసి వచ్చెను. ఆ యేట వచ్చినది కెర్రీ వాషింగ్టన్ నటించిన 'స్కాండల్'. దానిని సృష్టించిన షోండా రైమ్స్ గూడ నల్లజాతి స్త్రీయే.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది 2014లో మొదలైన 'హౌ టు గెట్ అవే విత్ మర్డర్' గూర్చి. నాయిక అనలీస్ కీటింగ్ ఫిలడెల్ఫియా నగరమున పేరుమోసిన న్యాయవాది, న్యాయశాస్త్రపు అధ్యాపకురాలు. పాత్రధారిణి వయోలా డేవిస్‌కు అప్పటికి 49 ఏండ్లు. మేనిచాయ ముదురు నలుపు. నాటకము ఆరంభమగు దినములలోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికలో నొక విమర్శకురాలు, ఈమె తక్కిన నాయికలకంటె వయసు మీరినది, మరింత నల్లనిది, అంత అందగత్తె కాదు అను భావము వచ్చునట్లు వ్రాయగా పాఠకులు తీవ్రముగ నిరసించిరి.

అక్టోబరు నెలలో ప్రసారమైన నాలుగవ భాగమున దానికి తగిన సమాధానము వచ్చినది. రాత్రివేళ అనలీస్ అద్దము ముందు కూర్చుండును. నగలు తీయును. పిదప తలపైనున్న విగ్గు తీయును. ఇది మన సవరమువంటిది కాదు. తల నంతను కప్పునది. దానిక్రింద బిగువుగా చుట్టుకొన్న పొట్టి జుట్టు. అంటించుకొన్న కనురెప్పల వెండ్రుకలు పీకివేసి, ముఖమునకు పూసిన రంగంతయు తుడిచివేయును. అంతట భర్త వచ్చును. హత్యకు గురియైన పిల్ల ఫోనులో నీ బొమ్మ యేల యున్నదని, ఆ తుడిచిన ముఖముతోడనే అతని నిలదీయును. పగలంతయు న్యాయస్థానమున ధరించిన కవచమును విప్పి, వట్టి ముఖముతో పోరునకు దిగిన స్త్రీ యామె. నాటకమును కల్పించిన పీటర్ నోవాక్ పురుషుడు, తెల్లవాడు. విగ్గు తీయు దృశ్యము మాత్రము డేవిస్ కోరినది. అట్లు తీయనిచ్చిననే ఈ పాత్ర ధరింతునని ఆమె ముందుగానే షరతు పెట్టినదట.

జుట్టు విషయమున ఇంత పట్టుదల యేల యని మీలో కొందరి కనిపింపవచ్చును. అచ్చట నల్లజాతి స్త్రీలు తరతరములుగా కాల్చిన దువ్వెనలతోను, ఘాటైన మందులతోను కురులు సాగదీసికొనుచు వచ్చిరి. సహజమైన జుట్టుతో పోయిన ఉద్యోగమీయక, బడిలో కూర్చుండనీయక వేధించుట గూడ జరిగినది. దానిని నిషేధించుచు రాష్ట్రములలో మొదట కాలిఫోర్నియా 'క్రౌన్' అను చట్టము చేసినది 2019లో మాత్రమే.

2015లో డేవిస్‌కు ఎమ్మీ బహుమతి వచ్చెను. గంభీర నాటకములలో ఉత్తమ నాయికగా దానిని పొందిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెయే. లేని పాత్రలకు బహుమతు లెట్లు వచ్చునని ఆమె ఆనాడు సభలో అడిగినది.

అనలీస్ మద్యము త్రాగును, అబద్ధమాడును, హత్యను దాచును. ఇట్టి దానిని చూపుట జాతికి అవమానము కాదా యని కొందరి శంక. ఒక్కటే బొమ్మ యున్న గోడపై ఆ బొమ్మ మంచిది కావలెనని అందరును పట్టుబట్టుదురు. పది బొమ్మలున్నచో ఒకతె కోపిష్ఠియైనను, తప్పు చేసినను జాతి కేమియు కాదు. తప్పుచేయు హక్కు తెల్లనాయికలకు ఎన్నడో దక్కినది. అయినను ఈ నాటకము పిల్లలతో కలిసి చూడదగినది కాదు. వారు నిద్రించిన పిదప చూచుట మేలు.

చూచువారు 2015 ఆరంభమున వచ్చిన భాగమును విడువకుడు. అందు అనలీస్ తల్లిగా సిసిలీ టైసన్ వచ్చును. 1963లో 'ఈస్ట్ సైడ్ వెస్ట్ సైడ్' అను నాటకమున తన సహజమైన పొట్టి జుట్టుతోడనే టెలివిజనులో కనబడిన ధీర ఈ టైసన్. 2021లో 96వ యేట మరణించెను. కూతురు పేరు మార్చుకొని పెద్ద న్యాయవాదియైనను, తల్లి ఆమెను చిన్ననాటి 'ఆనా మే' అను పేరుతోనే పిలుచును. కూతురిని ముందు కూర్చుండబెట్టుకొని చిక్కు తీయుచు, పాపటలు తీర్చుచు, ఆ పిల్లను చిన్నతనమున చెరచిన బంధువునకు తాను విధించిన శిక్షను మెల్లగా చెప్పును. నూనెగిన్నె దగ్గర పెట్టుకొని తలదువ్వుచు తల్లులు చెప్పు మాటలు మన కెరుకయే గదా.

చెఱకుతోటల నేపథ్యముతో లూసియానా కుటుంబ కథ చెప్పిన 'క్వీన్ షుగర్' నాటకమును ఏడు విడతలు, ప్రతి భాగమును, స్త్రీలే దర్శకత్వము వహించి నడిపిరి. దానిగూర్చి పై నెలలో వ్రాయుదును.