ఇంటి కాపలాకు ఆఫీసు కంప్యూటరు

ఇంటికి కెమేరాలు పెట్టించిన వారిని, ఆ రికార్డింగు ఎక్కడ నిలవ ఉంటుందని అడగండి. చాలామంది "ఫోనులో కనబడుతుందండీ" అంటారు. ఇప్పుడు గేటు దగ్గర ఎవరున్నారో ఫోనులో చూడడం వేరు, పోయిన మంగళవారం రాత్రి రెండు గంటలకు అక్కడ ఎవరు నిలబడ్డారో ఈ రోజు తీసి చూపించగలగడం వేరు. పిల్లలు హైదరాబాదులోనో డల్లాసులోనో ఉండి, పెద్దవాళ్లిద్దరే తెనాలిలోనో భీమవరంలోనో ఉన్న ఇళ్లలో ఈ రెండోదే అసలు అవసరం. దీనికి ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంప్యూటరు పనికొస్తుందా, వస్తే ఏం చూసి కొనాలి అని పాఠకులు కొందరు అడుగుతున్నారు గనుక ఈ నెల ఆ సంగతే రాస్తున్నాము.

ముందుగా ఒక మాట చెప్పాలి. కెమేరాలు నాలుగే ఉండి, అవన్నీ ఒకే కంపెనీవైతే మీకు కంప్యూటరు అక్కరలేకపోవచ్చు. ఎన్.వి.ఆర్. అనే చిన్న పెట్టె ఆ పని చేస్తుంది, కరెంటూ తక్కువే తింటుంది. కెమేరాలు రకరకాల కంపెనీలవైనా, కొమ్మ ఊగినప్పుడల్లా కాక మనిషి వచ్చినప్పుడే కబురు చెప్పే సాఫ్ట్‌వేరు కావాలన్నా అప్పుడు కంప్యూటరు వైపు చూడండి. అయితే దాన్ని కనిపెట్టుకుని ఉండేవారు ఇంట్లోనో, దగ్గర బంధువుల్లోనో ఒకరుండాలి. అలాంటివారు లేని ఇంటికి మేము ఎన్.వి.ఆర్. మంచిదంటాము.

డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్.పి. ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అన్నవి ఆఫీసుల కోసం చేసిన రకాలు. పెద్ద కంపెనీలు వీటిని కొన్నేళ్లు వాడి, వందల లెక్కన ఒక్కసారే తీసేస్తాయి. అవే బాగుచేయించుకుని సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల అమ్మకానికి వస్తాయి. రోజంతా నడవడానికి కట్టినవి గనుక గట్టిగా ఉంటాయి, విడిభాగాలు సులువుగా దొరుకుతాయి. డెల్ వారు 2025లో ఆ పేరు మార్చి డెల్ ప్రో అన్నారు గానీ, పాత బజారులో ఇంకా ఆప్టిప్లెక్స్ అనే అడగాలి.

దుకాణంలో మొదట వినబడే మాట "ఐ7 తీసుకోండి సార్" అని. ఆ మాటకు తొందరపడకండి. వీడియోను కుదించే పని కెమేరాయే చేసి పంపుతుంది. వచ్చినదాన్ని వచ్చినట్టు డిస్కు మీద రాయడమే కంప్యూటరు పని, అదేమంత బరువు కాదు. బరువంతా ఆ కుదించిన వీడియోను విప్పి తెర మీద చూపేటప్పుడు, అందులో మనిషిని వెతికేటప్పుడు పడుతుంది. ఇంటెల్ వారు 2011 నుండి చాలా ప్రాసెసర్లలో ఇందుకని క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం పెడుతున్నారు. ఇప్పటి కెమేరాల్లో తరచుగా వాడే హెచ్.265 పద్ధతిని కూడా విప్పగలగాలంటే 2015లో వచ్చిన ఆరవ తరంగానీ ఆ పైదిగానీ కావాలి. ఆ తరం ఐ5 నాలుగైదు కెమేరాలకు సరిపోతుంది. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో ఈ భాగం ఉండదు, అవి వద్దు.

విండోస్ మీద నడపాలనుకుంటే మాత్రం ఎనిమిదవ తరం నుండి చూడండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అంతకన్నా పాత ప్రాసెసర్లను దాదాపు ఒప్పుకోదు. బ్లూ ఐరిస్ అనే సాఫ్ట్‌వేరు విండోస్ మీద నడుస్తుంది, డబ్బు పెట్టి కొనాలి. ఫ్రిగేట్ అనేది లైనక్స్ మీద ఉచితంగా నడుస్తుంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మెమరీ 8 జి.బి. ఉంటే మొదలుపెట్టవచ్చు.

ఇక డబ్బు పెట్టవలసిన చోటు హార్డు డిస్కు. ఒక్కసారి లెక్క వేద్దాము. ఒక కెమేరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున పంపితే గంటకు 1.8 జి.బి., రోజుకు 43 జి.బి. పైచిలుకు అవుతుంది. నాలుగు కెమేరాలకు రోజుకు సుమారు 173 జి.బి. అంటే 4 టి.బి. డిస్కులో ఇరవై మూడు రోజుల రికార్డింగు పడుతుంది. అది నిండాక పాతది చెరిపి కొత్తది రాస్తుంది. ఇలా ఏడాదికి రాసేది దాదాపు 63 టి.బి. మామూలు కంప్యూటరు డిస్కులను చాలావరకు ఏడాదికి 55 టి.బి. పనికే లెక్కగట్టి చేస్తారు. కెమేరాల కోసం చేసిన డబ్ల్యు.డి. పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి 180 టి.బి. వరకు తట్టుకునేలా చేసినవి. కనుక కంప్యూటరు పాతదైనా ఫరవాలేదు, డిస్కు మాత్రం కొత్తదే కొనండి. దానితో వచ్చిన పాత డిస్కు మీద రికార్డింగు పెట్టడం మాకు సమ్మతం కాదు.

డిస్కును బట్టే పెట్టె సైజు కూడా చూసుకోవాలి. అరచేయంత ముద్దుగా ఉండే చిన్న రకాల్లో లాప్‌టాప్ డిస్కే పడుతుంది, ఈ కెమేరా డిస్కు పట్టదు. సన్నపాటి రకంలో సాధారణంగా ఒకటి పడుతుంది. టవరు రకమైతే రెండు పెట్టవచ్చు, లోపల గాలి ఆడుతుంది. సిస్టముకు చిన్న ఎస్.ఎస్.డి. వేరే ఉంచండి.

మన ఊళ్లలో మరిచిపోయేది కరెంటు. కంప్యూటరుకు యు.పి.ఎస్. పెట్టి, కెమేరాలకు కరెంటిచ్చే పి.ఒ.ఇ. స్విచ్చికి పెట్టకపోతే, కరెంటు పోయిన రాత్రి కంప్యూటరు మేలుకుని చీకటిని రికార్డు చేస్తుంది. స్విచ్చి, రౌటరు కూడా అదే యు.పి.ఎస్. మీద ఉండాలి. ఇన్వర్టరు ఉంటే దాన్ని యు.పి.ఎస్. మోడులో పెట్టించండి, లేకపోతే మారే క్షణంలో కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. అలా ఆగినప్పుడు తనంతట తానే లేవాలంటే బయోస్‌లో ఒక సెట్టింగు మార్చాలి. డెల్‌లో దాని పేరు ఎ.సి. రికవరీ. కొన్నరోజే దుకాణదారు చేత మార్పించుకోండి. ఖర్చంటారా, 40 వాట్లు ఎడతెగక తింటే నెలకు 29 యూనిట్లు.

పెట్టెను హాలులో టీవీ కింద పెడితే దొంగ దాన్నే మొదట పట్టుకుపోతాడు. లోపలి గదిలో, గాలి తగిలే చోట ఉంచండి. అటక మీద, తలుపేసిన బీరువాలో పెడితే మే నెల దాటడం కష్టం. కెమేరాలకు కంపెనీ వారిచ్చిన పాస్‌వర్డులు మార్చండి. 2016లో మిరాయ్ అనే వైరసు లక్షల కొద్దీ కెమేరాలను లోబరుచుకున్నది ఆ పాస్‌వర్డులు మార్చనందువల్లనే. గడియారం కూడా సరిగా ఉండాలి. టైము తప్పు చూపే రికార్డింగును పోలీసుల దగ్గర, కోర్టులో నమ్మించడం కష్టం. 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం అలాంటి రికార్డింగుతో ధ్రువపత్రమూ ఇవ్వాలి. కనుక ఏదైనా జరిగితే ఆ రోజే ఆ భాగాన్ని పెన్‌డ్రైవులోకి తీసుకుని, డిస్కును కదపకుండా ఉంచండి. మూడు వారాలు ఊరుకుంటే అది చెరిగిపోతుంది.

ఇక కెమేరాలు ఎటు చూడాలన్నది. గేటు, మెట్లు, పెరటి తలుపు చాలు. పక్కింటివారి వరండా మీదికి తిప్పవద్దు. అమ్మానాన్నల క్షేమం కోసమని వంటింట్లో, పడకగదిలో పెట్టే పిల్లలున్నారు. నెల నెలా డబ్బు పంపినంత మాత్రాన అమ్మ ఎన్నిసార్లు లేచిందో లెక్క చూసే హక్కు రాదని మా అభిప్రాయం. పెట్టక తప్పదనుకుంటే ఆమెనడిగి పెట్టండి, ఎలా ఆపాలో ఆమెకే నేర్పండి. పనిమనిషికీ ఆ సంగతి తెలియాలి.

నెలకొకసారి పది రోజుల వెనకటి తేదీ ఒకటి తీసి, రికార్డింగు వస్తోందో లేదో చూడండి. ఆ పని నాన్నగారి చేతనే చేయించి, ఏది నొక్కాలో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకు అంటించండి.