కుడితి గోలెము

గత మాసమున మా వీధిలో మూడవ నెల నిండని శిశు వొకడు ఒక్క రాత్రిలో మరణించెను. పరామర్శకు వచ్చిన పురాణవేత్త యొకరు, శవ మింకను చాపమీద నుండగనే, ఇది బాలగ్రహదోష మనియు, తల్లి గర్భవతిగా నున్నప్పుడు శాంతి జరిపింపకపోవుటయే దీనికి మూల మనియు పదిమంది వినునట్లు సెలవిచ్చిరి. ఆ తల్లి తల యెత్తలేదు. నాటినుండి నాకు నిద్ర లేదు. ఏలయన ముప్పదియేండ్ల క్రిందట మా యింట, మా తమ్ముని విషయమున, ఇదే మాట నేను వినియుంటిని.

నాకప్పు డెనిమిదవ యేడు. తమ్ముడు బొద్దుగా నుండెడివాడు. ఒకనాటి సాయంకాలము పాలు కక్కి ఏడ్వసాగెను. నోరు తెరచుచుండెను, ముఖ మెఱ్ఱబడుచుండెను, కాని గొంతునుండి శబ్దము వెలువడకుండెను. శబ్దము లేని ఆ యేడుపును నేనిప్పటికిని మఱవలేదు. విభూతి పూసిరి, వేపమండలతో విసరిరి, మెడకు రక్షరేకు కట్టిరి. గ్రహము మందునకు లొంగదని వైద్యుని పిలువనీయరైరి. పెదవులు నీలమై, ఎగయూపిరితో కొట్టుకొని, వాడు తెల్లవారుజామున ప్రాణము విడిచెను. అప్పుడు మా నాయనమ్మ మా అమ్మవంక చూచి, "పూతనవే నీవు, పాలిచ్చి పొట్టను బెట్టుకొంటివి" అనెను.

సుశ్రుతసంహిత తొమ్మిది బాలగ్రహములను పేర్కొన్నది. అందు పూతన యొకతె. రోగచిహ్నములను గమనించి వానికొక పేరు పెట్టిన ప్రాచీనులను నేను నిందింపను. పేరు దొరికినదే చాలునని కారణమును వెదకుట మానిన వారిని, ఆ పేరుతోనే తల్లిని తిట్టినవారిని మాత్రము క్షమింపజాలను.

బాలింతయైన అమ్మకు ఆ మూడు మాసములు పెట్టిన పథ్యమేమి? మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యపన్నము, వెల్లుల్లికారము, గరిటెడు నెయ్యి. పప్పు వాతమట, కూర శైత్యమట, ఆకుకూర బిడ్డకు పడదట. ఆ బియ్యమునైనను మూడు నీళ్లు కడిగి, వండి, గంజి వార్చి పెట్టెడివారు. తవుడు, కడుగునీళ్లు, గంజి, ఈ మూడును కుడితి గోలెములోనికి పోయెడివి. గేదె త్రాగెడిది.

జావాద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు, తెల్లబియ్యము మేసిన కోళ్లు కాళ్లు పడిపోవుటయు, తవుడు చేరిన బియ్యము పెట్టినంతనే లేచి తిరుగుటయు కనిపెట్టెను. 1929లో నోబెల్ బహుమానము పొందిన వారిలో నాతడొకడు. 1910 ప్రాంతమున మనీలాలో విలియమ్స్ అను రసాయనశాస్త్రవేత్త, ఇట్టి ఆహారలోపమువలననే కలుగు బెరిబెరి యను వ్యాధిచే గొంతు పోయి మరణోన్ముఖుడైన పసిబిడ్డకు తవుటిసారమును చుక్కలుగా పోయగా, కొన్ని గంటలలోనే ఆ బిడ్డ కోలుకొనెను. ఆ సారములోని బి1 విటమినును ఆ విలియమ్సే 1936లో ప్రయోగశాలలో నిర్మించెను. మన ఉత్తరసర్కారులలో బెరిబెరి పాతుకొనుటకు మర పట్టిన పచ్చిబియ్యమే హేతువని కూనూరులోని ఆహారశాస్త్ర పరిశోధకులు చెప్పిరి; ఉప్పుడుబియ్యమున కట్టి దోషము లేదు, ఏలయన ధాన్య ముడికినప్పుడే తవుటిలోని సారము గింజలోనికి దిగును. తల్లి పైకి ఆరోగ్యముగా కనబడుచుండగనే ఆమె పాలలో నీ విటమిను తరిగిపోవును; బిడ్డ బొద్దుగా నుండియే రెండు మూడు నెలలకు గొంతు పోయి, గుండె యాగి మరణించును. మా తమ్ముని చిహ్నము లన్నియు నివియే.

మా వీధిలోని శిశువు మరణించిన పదునొకండవ దినమున నేను ఆ యింటికి పోయి బాలింతకేమి పెట్టినారని యడిగితిని. అదే అన్నము, అదే కారము. ఆకలితో నున్న ఆడుదానికి కూరముక్క పెట్టుటకు భయపడి, ఆమె బిడ్డ చచ్చిన పిమ్మట ఆమె పాపములను లెక్కించుటకు మన మేమాత్రమును భయపడకున్నాము!

బెరిబెరిని గూర్చిన ఈ సంగతులను చదివి తెలిసికొన్ననాడు అమ్మకు చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, "అయితే మీ నాయనమ్మ అన్నది నిజమేనా నాయనా? నా పాలేనా?" అని యడిగెను. "నీ పాలు కాదమ్మా, నీ విస్తరిలో పెట్టనిది" అంటిని.

ఆ యేడే చెల్లెలు పురిటికి వచ్చినది. అమ్మ దంపుడుబియ్యము తెప్పించి, గంజి వార్చకుండ తానే వండెను. నాల్గవనాడే పప్పు, మునగాకు వడ్డించెను. పథ్యము చెప్పవచ్చిన పెద్దమ్మను వాకిటిలోనే నిలిపి, "అక్కా, ఒకని నిచ్చితిని, చాలును" అనెను.