కొండమీది తడిగుడ్డ



పోయిన నెల కొళాయి గురించి రాసినాను. నీళ్ళు వదిలే రోజు మన లైనిళ్ళలో బిందెల వరస, తగాదా, అన్నీ రాసినాను. చదివిన ఇద్దరు ముగ్గురు ఆపి అడిగినారు: "పెదనాయనా, ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో అది రాయలేదే?" అని. నిజమే, రాయలేదు. ఈ నెల ఆ బాకీ తీరుస్తాను.

కోయంబత్తూరు వాళ్ళకు తెలిసిందే. బయటి ఊళ్ళ వాళ్ళ కోసం చెప్తున్నా. మాకు శిరువాణి నీళ్ళు ఒక పక్కనుంచి వస్తే, భవాని నది మీది పిల్లూరు డ్యాం నీళ్ళు ఇంకో పక్కనుంచి వస్తాయి. భవాని నీలగిరి కొండల మీద పుట్టి, పడమరకు దిగి కేరళలోకి పోయి, మళ్ళీ తిరిగి మన పక్కకు వస్తుంది. చివరికి కావేరిలో కలుస్తుంది. ముప్పై ఆరేళ్ళు మిల్లులో పనిచేసి, ఇంటి కిటికీలోనుంచి ఆ కొండల్ని చూస్తానే ఉన్నా, నది పుట్టే చోటు మాత్రం నేను చూడలేదు. మొన్న కార్తీకంలో మా చిన్నల్లుడు పిలుచుకొని పోయినాడు.

ఊటీ దాటి అవలాంచి అనే చోట అడవిశాఖ వాళ్ళ బండి ఎక్కినాము. అక్కడ కొండలు మనం అనుకునేట్టు అడివి కప్పుకొని ఉండవు. ఏనుగు వీపు మాదిరి గుండ్రంగా, అంతా గడ్డి. రెండు కొండలు కలిసే మడతలో మాత్రం పొట్టి చెట్ల గుంపు, నల్లగా, చిక్కగా. దాన్ని షోలా అంటారు. ఆ మడత కింద పల్లంలో చదునుగా పచ్చటి చోటు కనపడింది. పిల్లలు ఆడుకొనే మైదానం అనుకొని కాలు పెట్టబోయినాను. కూడా వచ్చిన అడివి కాపలా తమ్ముడు చెయ్యి పట్టుకొని వెనక్కి లాగినాడు.

"అయ్యా, అది నేల కాదు" అన్నాడు.

చేతికర్ర తీసి గుచ్చినాడు. అడ్డమే లేకుండా సగం కర్ర లోపలికి పోయింది. పైకి లాగితే చివర నల్లటి మన్ను. మన్ను అంటే మన్ను కూడా కాదు. పోగులు పోగులుగా, బ్లోరూం కింద రాలిన చెత్త దూది నల్లనూనెలో నానితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. పిడికెడు తీసుకొని పిండినాడు. పది రోజులుగా వాన లేదంట. అయినా వేళ్ళ సందుల్లోనుంచి నీళ్ళు ధారగా కారినాయి.

దీన్ని పీట్ అంటారు. సంగతి ఏమంటే, ఆ పల్లంలో ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి, చలి ఎక్కువ, లోపలికి గాలి పోదు. గాలి లేకపోతే చచ్చిన గడ్డి పూర్తిగా కుళ్ళదు. ఏడాది ఏడాదికీ గడ్డి మీద గడ్డి పడి, బేలు కట్టినట్టు అణిగిపోయి ఉంటుంది. వాన పడితే తాగుతుంది, వాన లేనప్పుడు కొంచెం కొంచెంగా వదుల్తుంది. ఎండాకాలంలో కూడా వాగు పారేది అందుకే. 2019 ఆగస్టులో ఈ అవలాంచిలోనే ఒక్క రోజులో 80 సెంటీమీటర్లకు పైన వాన కొట్టింది. అట్లాంటి వానను పట్టి ఆపేది ఈ గడ్డి, ఈ షోలా, ఈ తడిగుడ్డే. ఆ రోజు అవీ పూర్తిగా ఆపలేకపోయినాయి, చాలా చోట్ల కొండచరియలు విరిగినాయి. అవి కూడా లేకపోయుంటే ఏమయ్యేదో.

బెంగుళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో సుకుమార్ అనే ఏనుగుల శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన, ఇంకొంతమంది కలిసి ఈ నల్లమన్ను తీసి పరీక్ష చేసి 1993లో అచ్చేసినారు. ఆ మన్నులో 20,000 ఏళ్ళ లెక్క ఉంది. ఏ కాలంలో గడ్డి ఎక్కువ ఉండేది, ఏ కాలంలో చెట్లు ఎక్కువ ఉండేవి, వానలు ఎప్పుడు తగ్గినాయి, అంతా అడుగునుంచి పైదాకా వరసగా ఉందంట. మన మిల్లులో రిజిస్టరు నాలుగేళ్ళది అడిగితే చెదలు తినేసిందనేవాళ్ళు!

ఆ లెక్కతో ఒక సంగతి తేలింది. అక్కడి గడ్డి ఎవరో అడివి నరికినందువల్ల వచ్చింది కాదు. వేల ఏళ్ళ నుంచి గడ్డి గడ్డిగానే ఉంది.

అక్కడ బతికేవి కూడా వేరే. రాతి అంచుల్లో వరైయాడు, అంటే నీలగిరి కొండమేక. తమిళనాడు రాష్ట్ర జంతువు అదే. మేము పోయినప్పుడు ఒకటే కనపడింది, అదీ దూరాన. గడ్డిలో నడిచే నీలగిరి పిపిట్ అనే చిన్న పిట్ట ఈ ఎత్తు కొండల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. చలికాలానికి హిమాలయాలనుంచి ఒక జాతి ఉల్లంకిపిట్ట వచ్చి, పొడుగు ముక్కుతో ఈ బురదలో పురుగులు వెతుక్కుంటుంది. పురుగుల్ని తినే మొక్క కూడా ఉంది. ఆకుమీద ఎర్రటి వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొనమీద బంక చుక్క. దోమ వాలితే ఇంక లేవదు. ఆ నేలలో సత్తువ తక్కువ కాబట్టి ఆ మొక్క కడుపు అట్లా నింపుకుంటుందంట.

తోడా వాళ్ళ గుడి పైకప్పుకు వేసే గడ్డి కూడా ఇట్లాంటి చిత్తడిలో పెరిగేదే. చిత్తడి ఎండితే గుడికి కప్పు ఉండదు. ఆ ఆడవాళ్ళు తెల్ల దుప్పటిమీద ఎరుపు నలుపు దారాలతో కుట్టేది మీలో కొందరు చూసే ఉంటారు. గీత గీసుకోరు, పోగులు లెక్కపెట్టుకొనే కుడతారు. నూలు పట్టిన చెయ్యికే తెలుస్తుంది అదెంత కష్టమో.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్తా. తెల్లవాళ్ళ కాలంలో ఈ గడ్డినేలను "వేస్టు" అని రాసినారు. ఆస్ట్రేలియానుంచి యూకలిప్టస్, తుమ్మజాతి వాటిల్ చెట్లు తెచ్చి నాటినారు. స్వాతంత్ర్యం వచ్చినాక మనవాళ్ళు ఇంకా ఎక్కువ నాటినారు. ఎందుకు? వంటచెరుకుకు, తోళ్ళు పదును చెయ్యడానికి, విస్కోస్ గుజ్జుకు. ఆ చెట్లు నీళ్ళు తాగేస్తాయి, చుట్టుపక్కల చిత్తడి ఎండుతుంది. ఎండిన పీట్ కుంగిపోతుంది, నిప్పు తగిలితే లోలోపలే కాలుతుంది.

విస్కోస్ అన్నమాట వినగానే నాకు మాట రాలేదు. నేను రింగ్ ఫ్రేము నడిపిన రోజుల్లో కొన్నేళ్ళు విస్కోస్ నూలే తీసినాము. తెగదు, మెరుస్తుంది, పని సుళువు అని సంతోషపడినాము. ఆ పోగు ఏ చెట్టుదో, ఆ చెట్టు ఎవరి నీళ్ళు తాగి పెరిగిందో ఒక్కరోజు కూడా అడగలేదు. మాకు కూలి కావాల, అంతే. తప్పు మాదని అనడం లేదు. కానీ ఆ పోగు నా వేళ్ళమీదనుంచి కూడా పోయుంటుంది.

ఇంకొకటి. 1932లో ఈ కొండమీది పైకారా నీళ్ళతో కరెంటు తీసినారు. ఆ కరెంటు వచ్చినాకనే కోయంబత్తూరులో మిల్లు పక్కన మిల్లు లేచింది, మన తాతలు సంచీ పట్టుకొని పనికి వచ్చినారు. అంటే తాగే నీళ్ళు, మిల్లు కరెంటు, మన అన్నం, మూడూ ఆ "వేస్టు" నేల ఇచ్చినవే.

మిల్లులో మనకు వేస్టు అనేదే లేదు. కార్డింగు రాలిన దూది కూడా తూకం వేసి అమ్మినాము. అది తెలిసిన మనవాళ్ళకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుందని రాసినాను.

ఇప్పుడు ఆ చెట్లు కొన్ని చోట్ల తీసేస్తున్నారు, గడ్డి మళ్ళీ నాటుతున్నారు. కష్టమైన పని. వాటిల్ విత్తనం మన్నులో ఏళ్ళ తరబడి పడుకొని, చెట్టు కొట్టినాక మళ్ళీ లేస్తుంది. 20,000 ఏళ్ళు పేరుకున్నదాన్ని మనం ఒక్క తరంలో ఎండబెట్టినాము. మళ్ళీ తడపడానికి ఎన్ని తరాలు పడుతుందో.

ఊటీ పోయేవాళ్ళు అడవిశాఖ వాళ్ళు చెప్పిన దారి దాటి కాలు పెట్టవద్దు. వచ్చినాక పిల్లలకు కొళాయి చూపించి, ఇది ఆ నల్లమన్ను పిండితే వచ్చిన నీళ్ళని చెప్పండి.

మీ ఊళ్ళో నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి? షోలాపూరు వాళ్ళు, యానాం వాళ్ళు రాయండి. వచ్చే నెల ఆ ఉత్తరాలే ఇక్కడ వేస్తాను.